పది లెక్కపెట్టేలోగా

నేను చేసిన ఉద్యోగం గురించి చెబితే కొత్తవాళ్ళు ముందు నవ్వుతారు. ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడమే పని. మధ్యాహ్నం పన్నెండింటికి మంచె ఎక్కాలి, పొద్దు గూకే వేళకు దిగాలి. ఈలోగా పెద్ద పక్షి ఏదైనా గాలిమరల వైపు వస్తే వాకీటాకీలో మర నంబరు చెప్పి ఆపమనాలి. మా అత్తయ్య మొదటి నెలంతా నేను ఆఫీసులో రాతపని చేస్తున్నానని వీధిలో చెప్పుకుంది. కోడలు పిట్టల్ని కాస్తోందని చెప్పుకోవడానికి ఆవిడకు నోరు రాలేదు.

ఆవిడ చెప్పింది మరీ అబద్ధమేమీ కాదు. రాతపని కూడా ఉంది. ప్రతి మంచెలోనూ ఒక రిజిస్టరు ఉంటుంది. పక్షిని చూసిన సమయం ఒక గడిలో, కంట్రోల్ రూముకు చెప్పిన సమయం పక్క గడిలో రాయాలి. ఏమీ రాకపోతే గంటకోసారి 'ఏమీ కనిపించలేదు' అని రాసి సంతకం పెట్టాలి. ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మ మంచం పడితే బడి మానేసినదాన్ని నేను. నా చేతిరాత ఎవరో చదువుతారన్న సంగతే నాకు గొప్పగా ఉండేది.

మా ఇళ్ళ వెనక కొండ మీద అరవై రెండు గాలిమరలున్నాయి. వాటన్నిటికీ నాలుగు మంచెలు. మంచె అని మేమే పేరు పెట్టుకున్నాం, కంపెనీ కాగితాల్లో దానికి నోరు తిరగని పేరేదో ఉంది. నాలుగు ఇనుప కాళ్ళ మీద రేకుల గది, మూడు వైపులా కిటికీలు. లోపల తిరిగే కుర్చీ, బైనాక్యులర్, నీళ్ళ సీసా. గాలి గట్టిగా వీస్తే గది మొత్తం పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు చేసేది. నాది రెండో మంచె. దాని ఎదురుగా పద్నాలుగో నంబరు మర, మర కింద లోయ, లోయలో నిటారుగా ఒక బండ, ఆ బండ అంచు మీద కొండగద్దల గూడు.

మంచెలకు ఆ నాలుగు చోట్లూ చూపించింది మా పెదనాన్న. మా నాన్నకు సొంత అన్న. ముప్పై ఏళ్ళు అడవి కాపలా ఉద్యోగం చేసి దిగిపోయాడు. గాలిమరలకు అనుమతి ఇచ్చేటప్పుడు పెద్ద పక్షుల్ని కాచే మనుషులు ఉండి తీరాలని ప్రభుత్వం షరతు పెట్టిందట. ఆ మనుషులు ఎక్కడ కూర్చోవాలో చెప్పగలిగేవాళ్ళు కంపెనీలో ఒక్కరూ లేరు. పెదనాన్నను పిలిచారు. రెండు నెలలు కొండంతా తిరిగి, ఒక్కో చోట ఒక్కో పూట కూర్చుని, గాలి ఎటు లేస్తోందో, గద్దలు ఆ గాలిని పట్టుకుని ఎక్కడ పైకి తేలుతున్నాయో చూసుకుని నాలుగు చోట్ల మేకులు పాతాడు. ఆ మేకుల మీదే మంచెలు లేచాయి.

నన్ను పనిలో పెట్టించింది కూడా ఆయనే. ఈ అమ్మాయికి చదువు తక్కువ కదా అని ఆఫీసులో నసిగితే, చదువు తక్కువే గానీ భయం ఎక్కువ, ఈ పనికి కావలసింది అదేనని చెప్పాడట. ఆ మాట నిజం. పాప పుట్టినప్పటి నుంచి నాకు గడియ తీసిన తలుపు చూసినా గుండె దడే. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూడకుండా నేను ఒక్క రోజూ గది దాటలేదు.

పెదనాన్న నాకు పని నేర్పింది మూడంటే మూడు రోజులు. మామూలు గద్దకీ కొండగద్దకీ తేడా తోకలో ఉంటుంది, కానీ అంత దూరం నుంచి తోక తెలియదు. అందుకని రెక్కలు చూడమన్నాడు. కొండగద్ద గాలి మీద పడుకుంటుంది. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టు, అంతసేపూ ఒక్కసారి కూడా రెక్క ఆడించకపోతే అదే. మామూలు గద్దయితే నాలుగైదుకల్లా ఆడించేస్తుంది. ఇంత చెప్పి, నా చేతిలో వాకీటాకీ పెట్టి మరో మాట అన్నాడు.

"ముందు చెప్పు, తర్వాత లెక్కపెట్టు తల్లీ. మర ఆగడానికి అరనిమిషం పడుతుంది. పక్షికి అంత టైము ఉండదు."

గాలిమరను దూరం నుంచి చూస్తే చాలా బద్ధకంగా తిరుగుతున్నట్టుంటుంది. మేం కూడా అలాగే అనుకునేవాళ్ళం. ఆ బ్లేడు కొస దగ్గర వేగం రైలు కన్నా ఎక్కువని షిఫ్ట్ ఇంజినీరు చెప్పేదాకా నాకు తెలియదు.

షిఫ్ట్ ఇంజినీరు గురించి చెప్పాలి. మేం ఆపమంటే ఆపే మనిషి ఆయనే. నాకన్నా నాలుగేళ్ళు పెద్దవాడేమో, నోరు కాస్త దురుసు, మనసు చెడ్డది కాదు. ఒకసారి జీతం కాగితం మీద సంతకానికి వెళితే తన ముందున్న తెరలన్నీ చూపించాడు. మధ్యాహ్నమంతా దేశం సోలార్ పలకల మీద నడుస్తుందట. ఎండ వాలేసరికి ఆ కరెంటు ఒక్కసారిగా జారిపోతుంది. సరిగ్గా అప్పుడే జనం ఇళ్ళకు చేరి దీపాలూ ఫ్యాన్లూ వేస్తారు. ఆ గొయ్యిని పూడ్చేది సాయంత్రం గాలి. ప్రతి పావుగంటకూ మన కొండ ఎంత ఇస్తుందో రాజధానిలోని కరెంటు పంపిణీ కేంద్రానికి ముందే చెప్పాలి, చెప్పినదానికి తగ్గితే వెంటనే ఫోను మోగుతుంది. మన కరెంటు ఏ ఊరికి పోతుంది సార్ అని అడిగాను. చెరువులో చెంబెడు నీళ్ళు పోసి అవి ఏ మూలకు పోయాయని అడుగుతావా అని నవ్వాడు.

చిక్కు ఎక్కడంటే, కొండగద్దలు గూటికి తిరిగొచ్చేది కూడా ఆ వేళకే.

నేను భయస్తురాలినని చెప్పాను కదా. నల్లగా ఏది కదిలినా ఆపమనేదాన్ని. కంట్రోల్ రూములో ఒక బోర్డు ఉంది, ఏ మంచె ఎన్నిసార్లు ఆపించిందో దాని మీద రాస్తారు. ఒక నెలలో మిగతా మూడు మంచెలూ కలిపి పద్దెనిమిది, నాది ఒక్కదానిదే ఇరవై ఏడు. ఇరవై ఏడులో నాలుగే కొండగద్దలు. మిగతావన్నీ మామూలు గద్దలు, కాకులు. ఒకటైతే ఎవరి డాబా మీద నుంచో లేచిన నల్ల ప్లాస్టిక్ పట్టా. దానికోసం మూడు మరలు ఆపించాను. ఆ రోజు నుంచి ఇంజినీరు నాకు బ్రేకమ్మ అని పేరు పెట్టాడు. నాలుగు మంచెలకూ వినపడేలా వాకీటాకీలోనే, బ్రేకమ్మగారూ ఈ పూట దేశానికి కాస్త కరెంటు మిగులుస్తారా అనేవాడు. మూడో మంచె ఆవిడ కిసుక్కున నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. మంచె దిగాక దారంతా ఆ మాటే చెవిలో గిర్రున తిరిగేది.

పెదనాన్నతో చెబితే, ఇరవై ఏడు కాదు, డెబ్భై ఏడుసార్లయినా ఆపించమన్నాడు. ఆ జంట పదమూడేళ్ళుగా అదే బండ మీద ఉంటోందట. ఆ ఏడు ఒకే ఒక్క పిల్లను పొదిగింది. పెదనాన్న ప్రతి ఆదివారం మా ఇంటికొచ్చి పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గూట్లో పిల్ల ఎంతైంది, ఈకలొచ్చాయా, నిలబడుతోందా అని అడిగేవాడు. మా పాప ఎత్తూ బరువూ అడిగిన తర్వాతే అనుకోండి.

అప్పటికి ఆయన చూపు తగ్గిపోతోంది. కంటి నరం ఎండిపోతోందని, పోయిన చూపు ఇక రాదని, ఉన్నది ఏడాది నిలిస్తే గొప్పని డాక్టరు చెప్పేశాడు. పెదనాన్న దాన్ని గురించి పెద్దగా ఏడ్వలేదు. ఆయనకు ఒకటే ఆత్రం. ఎదురు కొండ మీద మరో నలభై మరలు రాబోతున్నాయి, అక్కడి మంచెలకు కూడా ఆయన చేతే చోట్లు పెట్టిస్తామని కంపెనీ మాటిచ్చింది. కళ్ళు పూర్తిగా మూతపడేలోగా ఆ ఒక్క పని చేసి కూర్చుంటాను, ఆ తర్వాత నన్ను ఏ మూల కూర్చోబెట్టినా ఫరవాలేదు అనేవాడు. బయలుదేరడానికి కొత్త బూట్లు కూడా కొనుక్కున్నాడు.

నేను పాడుచేసింది ఆ పనే.

మా పాపకు ఆయాసం. మూడేళ్ళ పిల్ల. ఎగశ్వాస వస్తే మందు పొగలా పీల్చే మిషను పెట్టాలి. మిషనుకు కరెంటు కావాలి. ఆ ఎండాకాలంలో నాకు సెలవైన ఒక మధ్యాహ్నం సగం మందు అయ్యేసరికి కరెంటు పోయింది. ఇరవై నిమిషాలు పాపను భుజాన వేసుకుని అట్టముక్కతో విసురుతూ గది ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగాను. పెదవులు నీలంగా మారుతున్నాయేమోనని నిమిషానికోసారి గుమ్మంలో వెలుతురుకు తెచ్చి చూసుకున్నాను. కరెంటు వచ్చాక పాప తేరుకుంది. నేను మాత్రం ఆ రోజు నుంచి మరను ఆపమన్న ప్రతిసారీ, ఎక్కడో ఎవరి ఒళ్ళోనో ఒక పిల్ల నా వల్ల ఊపిరాడక కొట్టుకుంటోందేమో అనుకునేదాన్ని. అలా ఉండదని ఇంజినీరు చెప్పినా మనసు వినేది కాదు.

ఆ తర్వాత పదో రోజు అనుకుంటాను, వడగాడ్పు. దేశమంతా ఫ్యాన్లు, ఏసీలు. నాలుగింటికి ఇంజినీరు వాకీటాకీలోకి వచ్చాడు. ఆ రోజు వేళాకోళం లేదు. ఈ సాయంత్రం కరెంటుకు చాలా ఇబ్బందిగా ఉందని, కేంద్రం నుంచి రెండుసార్లు ఫోను వచ్చిందని, పక్షి వస్తే ఆపాల్సిందే గానీ అనుమానాలకు ఆపించవద్దని నాలుగు మంచెలకూ చెప్పాడు. తర్వాత నన్ను విడిగా పిలిచాడు.

"ఇవాళ ఒక్క రోజుకి లెక్కపెట్టి చెప్పమ్మా."

అలాగే సార్ అన్నాను.

అయిదూ నలభైకి అది కనిపించింది. లోయ పడమటి వైపు చిన్న చుక్క. ఎడమ పక్కన ఒక మట్టిమిట్ట ఉంది, దాని మీదుగా తేటగా పైకి లేచింది. నా వేలు వాకీటాకీ మీటమీదికి వెళ్ళింది. వెళ్ళింది గానీ నొక్కలేదు. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర రెక్క ఆడించింది. హమ్మయ్య, మామూలు గద్దేనని ఊపిరి వదిలాను. ఎందుకో మళ్ళీ అనుమానం వచ్చింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఆరు దగ్గర ఆడించింది. బైనాక్యులర్ ఎత్తాను. అప్పుడు కనిపించాయి కాళ్ళు. కాళ్ళ మధ్య కుందేలంత జంతువు ఏదో వేలాడుతోంది. బరువు మోస్తుంటే ఏ పక్షైనా రెక్క ఆడిస్తుందని నాకు ఆ క్షణంలో తట్టింది. మీట నొక్కాను. నోట్లోంచి మాట రాలేదు. వచ్చినా పనిలేదు. పద్నాలుగో మర బ్లేడు తాపీగా కిందికి దిగింది, ఆకాశంలో ఇంకేమీ లేదు.

చప్పుడు కూడా వినపడలేదు. వాకీటాకీలోంచి ఇంజినీరు, రెండో మంచె, ఏమైనా అన్నావా అని అడిగాడు. లేదు సార్ అన్నాను. ఆరింటికి రిజిస్టరు తీసి 'ఏమీ కనిపించలేదు' అని రాసి సంతకం పెట్టాను. అక్షరాలు కుదురుగా వచ్చాయి.

ఇంటికెళ్ళి పాపకు మందు పట్టి, మా ఆయనతో చెప్పాను. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. మాటలు తక్కువ. చెప్పి ఏం చేస్తావు, చచ్చిన పక్షి లేచొస్తుందా, ఉద్యోగం పోతే పాపకు కంపెనీ డాక్టరు ఉండడు, అది చూసుకో అన్నాడు. నాకు కావలసిన మాట అదే కాబట్టి అదే పట్టుకున్నాను.

మర్నాడు మర కింద పక్షి దొరికింది. మూడో రోజు ప్రభుత్వం తరఫున ఒక అధికారిణి వచ్చారు. పెద్దావిడ, నెమ్మదైన మనిషి. నా కుర్చీలో కూర్చుని రిజిస్టరు అంతా తిరగేశారు. ఇన్నిసార్లు ఆపించిన అమ్మాయి చూస్తూ ఊరుకోదు కదా అని ఇంజినీరుతో అన్నారు. ఆయన తల దించుకుని చెప్పులు చూసుకుంటున్నాడు. ఆవిడ నా వైపు తిరిగి, ఇక్కడి నుంచి లోయ మొత్తం కనపడుతుందా అమ్మా అని అడిగారు.

"ఆ మిట్ట అడ్డం మేడమ్" అన్నాను.

అంతే అన్నాను. ఆవిడ వంగి చూశారు. మిట్ట వెనక లోయ అడుగుభాగం నిజంగానే కనపడదు. ఆవిడ ఏదో రాసుకున్నారు. ఈ చోటు ఎవరు ఎంచారని అడిగితే ఎవరో పెదనాన్న పేరు చెప్పారు.

పెదనాన్నను పిలిపించారు. కొత్త బూట్లు వేసుకుని, కర్రతో తడుముకుంటూ మంచె ఎక్కాడు. కిటికీ దగ్గర మొహం పెట్టి చాలాసేపు చూశాడు. ఆయనకు మిట్ట మసకగా కనిపించి ఉంటుంది, అంతే. గద్దలు ఎప్పుడూ మిట్ట దగ్గర లేచే గాలిని పట్టుకునే పైకి వస్తాయని, అందుకే ఇక్కడ పెట్టానని నెమ్మదిగా చెప్పాడు. మరి ఈ అమ్మాయి తనకు కనపడలేదంటోందే అని అధికారిణి అన్నారు. పెదనాన్న నా వైపు తిరిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

"మా పిల్ల చూస్తే చెప్పకుండా ఉండదు. నేనే గాలిని తప్పుగా లెక్కగట్టాను" అన్నాడు.

మెట్లు దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. నా పొరపాటు వల్ల నీ మీద మాట పడబోయింది, ఏమీ అనుకోకు తల్లీ అన్నాడు. ఏమీ అనుకోను పెదనాన్నా అన్నాను. ఇంకో పది మెట్లున్నాయి. చెప్పడానికి పది మెట్ల వ్యవధి ఉంది. చెప్పలేదు.

నెల తిరక్కుండానే రెండో మంచెను విప్పి ఇంకో గట్టు మీద నిలబెట్టారు. అక్కడి నుంచి లోయ అడుగు కూడా కనిపిస్తుంది, నిజమే. కానీ సాయంత్రం నాలుగు దాటితే ఎండ సూటిగా కళ్ళలో పడుతుంది. పక్షులొచ్చే వేళకు నాకు తెల్లటి మంట తప్ప ఏమీ కనపడేది కాదు. గూట్లో ఆడగద్ద ఒక్కతే మిగిలింది. తిండికి వెళితే పిల్లకు కాపలా లేదు, కాపలా ఉంటే తిండి లేదు. రెండు వారాలకు పిల్ల కనిపించకుండా పోయింది. కాకులని కొందరన్నారు. నేను బైనాక్యులర్ ఎత్తి ఆ గూటి వైపు చూడటం మానేశాను.

ఎదురు కొండ పని పెదనాన్నకు ఇవ్వలేదు. ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు, పిలవడం మానేశారు, అంతే. చోట్లు ఆఫీసులోనే కూర్చుని మ్యాపు మీద గుర్తు పెట్టారట.

ఆదివారాలు రావడం మాత్రం ఆయన మానలేదు. చూపు తగ్గే కొద్దీ మా ఆయన వెళ్ళి తీసుకొచ్చేవాడు. వచ్చి కూర్చోగానే, ఎదురు కొండ మీద ఎక్కడెక్కడ మంచెల కాళ్ళు పాతుతున్నారని నన్ను అడిగేవాడు. నేను చూసి చెప్పేదాన్ని. ఒకటి సరిగ్గా రెండు గట్ల మధ్య పెట్టారని చెబితే, అక్కడ పక్షి నెత్తి మీదికొచ్చేదాకా తెలియదే అని గొణిగేవాడు. అంతలోనే నాకేం తెలుసులే అని తనను తానే కసురుకునేవాడు. ఇలా ఏడు నెలలు గడిచాయి.

ఒక ఆదివారం మా ఆయన ఇంట్లో లేడు, అత్తయ్య పాపకు స్నానం చేయిస్తోంది. పెదనాన్న వరండాలో కూర్చుని ఉన్నట్టుండి నవ్వాడు. కంపెనీవాళ్ళు నన్ను అడక్కపోవడమే మంచిదైంది, అడిగి ఉంటే అక్కడ కూడా తప్పు చోటే చూపించేవాణ్ణి, ముప్పై ఏళ్ళు నేను చూశాననుకున్నదంతా చూడలేదన్నమాట అన్నాడు. ఏడుపు కాదు, నిష్ఠూరం కాదు, మామూలుగా కూరల ధర చెప్పినట్టు అన్నాడు. నాకు తట్టుకోవడం చేతకాలేదు.

చెప్పేశాను. ఏ గంటకు వచ్చిందీ, ఎటు నుంచి వచ్చిందీ, నేను ఎన్నిదాకా లెక్కపెట్టిందీ, రిజిస్టరులో ఏం రాసిందీ. చెబుతున్నంతసేపూ ఆయన చూపు ఆనని కళ్ళు నా మొహం వైపే ఉన్నాయి.

"మిట్ట మీద నుంచే వచ్చిందా?"

"మిట్ట మీద నుంచే పెదనాన్నా. తేటగా కనపడింది."

"రెక్క ఎందుకు ఆడించింది? కాళ్ళలో ఏమైనా ఉందా?"

"ఉంది. కుందేలంతది."

"పిల్లకి తెస్తోందన్నమాట" అన్నాడు.

లోపల నుంచి పాప నీళ్ళు చల్లుకుంటూ నవ్వుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన కాసేపు కర్ర కొసతో నేల మీద గీతలాంటిది గీశాడు. ఆఫీసులో చెప్పావా అని అడిగాడు. రేపు చెబుతానన్నాను. చెప్పు అన్నాడు. ఇంటికి పోతాను, ఎవరినైనా తోడిమ్మన్నాడు. భోజనం చేసి వెళ్ళమంటే ఆకలి లేదన్నాడు. నేనే చెయ్యి పట్టుకుని దింపి వచ్చాను. దారిలో పట్టుకున్న చెయ్యి ఆయన విదిలించుకోలేదు, అలాగని పట్టుకోనూ లేదు.

మర్నాడు ఇంజినీరుకు చెప్పాను. ఆయన తెరల వైపే చూస్తూ, లెక్కపెట్టమన్నది నేనే కదా, ఆ మాట నేనూ ఆ రోజు మేడమ్‌కి చెప్పలేదు అన్నాడు. ఇద్దరం విడివిడిగా రాసి సంతకాలు పెట్టాం. నా కాగితం చదివి ఆయన ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. నన్ను పనిలోంచి తీసేశారు. ఆయన్ను వేరే చోటికి పంపించారు. రెండో మంచెను మళ్ళీ పాత మేకు దగ్గరికే తెచ్చి నిలబెట్టారు. ఎదురు కొండ మీదవి మాత్రం సిమెంటు పోసేశారు కాబట్టి ఇక కదపలేమన్నారు. వాటిల్లోంచి ఎటు చూస్తూ కాచాలో చెప్పమని పెదనాన్న దగ్గరికి ఒక మనిషి వచ్చాడట. అప్పటికి ఆయనకు వెలుతురు, చీకటి తప్ప ఏమీ తెలియడం లేదు. కొండ ఎక్కకుండా చెప్పేది కాదు, ఎక్కినా ఇప్పుడు చూసేది కాదు అని పంపేశాడట.

ఇప్పుడు ఆ నలభై మరలు కూడా తిరుగుతున్నాయి. ఈ ఎండాకాలం మా వీధిలో పగలు ఒక్కసారి కూడా కరెంటు పోలేదు. పాపకు మిషను పెట్టి బటన్ నొక్కినప్పుడు అది చప్పున మోగితే నాకు ప్రాణం కుదుటపడుతుంది, ఆ వెంటనే సిగ్గేస్తుంది. డాక్టరు కోసం బస్సులో గంటన్నర పోతున్నాం. అది నాకు కష్టంగా లేదు.

పెదనాన్న ఇప్పుడు మా ఇంటికి రావడం లేదు, ప్రతి ఆదివారం నేనే పాపను తీసుకుని వెళుతున్నాను. ఎప్పటిలాగే తల్లీ అనే పిలుస్తాడు. మా ఆయన బస్సు గురించి, అత్తయ్య మోకాళ్ళ గురించి, పాప దగ్గు గురించి అన్నీ అడుగుతాడు. ఒక్క పక్షుల మాట ఎత్తడు. ఒకప్పుడు కిటికీ బయట ఏ పిట్ట కూసినా అదేమిటో, ఎందుకు కూస్తోందో అడగకుండానే చెప్పిన మనిషి.

మొన్న మేం ఆయన వాకిట్లో కూర్చుని ఉండగా ఆకాశంలో చాలా ఎత్తు నుంచి సన్నగా, సాగదీసినట్టు ఒక అరుపు వినిపించింది. నేను తలెత్తి చూశాను, ఎండలో ఏమీ కనపడలేదు. పెదనాన్న కూడా మొహం పైకెత్తాడు. ఆ అరుపు ఆయనకు తెలియకుండా ఉండదు. ఏమిటది పెదనాన్నా అని అడిగాను. ఇంకోసారి వినిపించేదాకా ఆయన అలాగే ఉన్నాడు. తర్వాత మొహం దించి, చేత్తో తడిమి పాప తల వెతుక్కుని, దీనికి మధ్యాహ్నం మందు వేశావా తల్లీ అని అడిగాడు.

వేశానని చెప్పాను.